నీరు మన చేతిలోని అమానతు

(హిజ్రీ 1447 రబీవుల్ అవ్వల్ 5, అనగా 2025 ఆగస్టు 29 శుక్రవారం నాడు విజయవాడలో అరబీ ఖుత్బాకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



 

వచ్చే సోమవారంతో బుడమేరు మన ఊరిలోకి వచ్చి సంవత్సరం నిండుతుంది. 2024 ఆగస్టు 31న కురిసిన వాన, సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారేసరికి అజిత్ సింగ్ నగర్‌ను, రాజరాజేశ్వరిపేటను, పాయకాపురాన్ని, కండ్రికను, వాంబే కాలనీని ముంచివేసిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మీలో చాలామంది ఆ రోజులను మేడల మీద గడిపినవారే. చుట్టూ మనిషి లోతు నీరు, త్రాగడానికి మాత్రం గుక్కెడు నీరు లేదు. ఆకాశం నుండి డ్రోన్లు ఆహారపు పొట్లాలు దింపుతుంటే, ఆకలిగొన్న పిల్లలు తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. ఆ మరునాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయింది. 1957లో ఆ బ్యారేజీ నిర్మాణం పూర్తయిన నాటి నుండి అంతటి ప్రవాహాన్ని అది చూడలేదు.

అయితే ఆ దుఃఖాన్ని మళ్లీ తవ్వి మిమ్మల్ని ఏడిపించడం నేటి నా ఉద్దేశం కాదు. ఆ తర్వాతి పన్నెండు నెలల్లో మన నగరంలో, మన డెల్టాలో కొన్ని మంచి పనులు జరిగాయి. మంచిని మంచి అని చెప్పడం కూడా ధర్మంలో భాగమే. మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాలేడన్న భావం గల హదీసు అబూ దావూద్‌లోను, తిర్మిజీలోను ఉంది. కనుక ముందు కృతజ్ఞతతోనే ప్రారంభిద్దాం.

తెగిన గట్లను సెప్టెంబరు 7 నాటికి పూడ్చారు. సైన్యానికి చెందిన ఇంజనీర్లు, జలవనరుల శాఖ సిబ్బంది, పేరు తెలియని కూలీలు వానలో నిలబడి ఆ పని చేశారు. నీరు తీసిన తరువాత మిగిలిన బురద, ఆ కుళ్లిన వాసన మీకు గుర్తున్నాయి కదా! ఇతర పట్టణాల నుండి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు మన వీధులను కడిగారు. అగ్నిమాపక శకటాలు ఇంటింటికీ వచ్చి గదుల్లోని బురదను నీటితో కడిగివేశాయి. అలా వచ్చిన వారిలో మన మతం వారు ఎందరో, పరమతస్థులు ఎందరో ఎవరూ లెక్కించలేదు. లెక్కించవలసిన అవసరమూ లేదు. నదికి ఇవతల కృష్ణలంక, రాణిగారితోట వైపు కట్టిన రిటైనింగ్ వాల్ అంతటి ప్రవాహాన్ని ఆపి నిలబడింది. అది లేని రోజుల్లో అంతకన్నా తక్కువ వరదకే ఆ పేటలు ఖాళీ చేయవలసి వచ్చేది. ముందుచూపుతో కట్టిన ఒక గోడ ఎందరి ప్రాణాలను కాపాడుతుందో అక్కడి వారిని అడిగితే చెబుతారు.

ఈ సంవత్సరం జనవరి 18 నుండి ప్రతి నెలా మూడవ శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతున్నది. జూలైలో ప్రకటించిన స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాల్లో పది లక్షలు దాటిన నగరాల వర్గంలో ఇండోర్, సూరత్, నవీ ముంబయిల సరసన మన విజయవాడ సూపర్ స్వచ్ఛ లీగ్‌లో నిలిచింది. సంతోషించవలసిన విషయమే. తెల్లవారుజామున మనం ఫజర్ నమాజుకు వస్తుండగా చీపురు పట్టుకొని ఎదురయ్యే ఆ అక్కలకు, అన్నలకు ఆ గౌరవం చెందుతుంది. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని సహీహ్ ముస్లింలోని హదీసు ద్వారా మనకు తెలుసు. ఆ శాఖను రోజూ వారు పట్టుకొని ఉన్నారు. మనం వారికి సలాం చెబుతున్నామా, లేక ముక్కు మూసుకొని ప్రక్కకు తప్పుకుంటున్నామా? అవార్డు వచ్చిందని ఏలూరు కాలువలోనో, రైవస్ కాలువలోనో, బందరు కాలువలోనో నీరు దోసిట పట్టి త్రాగగలమా అని ఎవరైనా అడిగితే మాత్రం నా వద్ద జవాబు లేదు. చేయవలసినది ఇంకా చాలా ఉంది.

సోదరులారా! ఇక అసలు విషయానికి వస్తాను. బుడమేరు ఎందుకు మన ఇళ్లలోకి వచ్చింది?

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. ఎండాకాలంలో చూస్తే ఒక మురుగు కాలువ అనుకుంటాం. వెలగలేరు వద్ద రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. పట్టిసీమ నుండి వచ్చే గోదావరి నీరు మన డెల్టాకు చేరేది కూడా ఆ దారిలోనే. కానీ గత సంవత్సరం కృష్ణ నిండుగా ఉన్న రోజునే బుడమేరు కూడా పొంగింది. నది తీసుకోలేనంటే వాగు ఏం చేస్తుంది? గట్లు తెంచుకొని తన పాత దారిలో నడిచింది. ఆ దారిలో మనం ఇళ్లు కట్టుకొని ఉన్నాం. 2005లోనూ ఇదే జరిగింది. వాగు తన దారిని మరచిపోదు. మరచిపోయినది మనం.

మన మద్రసాలలో హిదాయా గ్రంథం చదివే ప్రతి విద్యార్థీ హరీమ్ అన్న మాట నేర్చుకుంటాడు. బావికి, చెలమకు, కాలువకు చుట్టూ ఎవరూ ఆక్రమించరాని కొంత స్థలాన్ని షరీఅత్ హరీమ్ అని పిలిచింది. బావికి నలభై మూరల హరీమ్ ఇబ్నె మాజా హదీసులోనే ఉంది. పశువులు వచ్చి నిలబడడానికి ఆ స్థలం. ఒకరి కాలువ మరొకరి భూమి గుండా పారుతుంటే దానికి హరీమ్ ఉంటుందా అన్న విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) రుజువు కావాలన్నారు. ఆయన ఇద్దరు శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మాత్రం, కాలువకు గట్టు ఉండి తీరాలని, యజమాని దానిమీద నడవడానికి, పూడిక తీసిన మట్టిని దానిమీద వేయడానికి ఆ గట్టు అవసరమని చెప్పారు. ఎంత లోతైన పరిశీలనో చూడండి! పూడిక తీయని కాలువ కాలువగా మిగలదని, పూడిక వేయడానికి గట్టు మీద చోటు లేకపోతే ఎవరూ పూడిక తీయలేరని పన్నెండు వందల ఏళ్ల క్రితం కూఫాలో, బగ్దాదులో కూర్చున్న ఫఖీహులు ఆలోచించారు. ఈనాడు మన కాలువ గట్ల మీద యంత్రం దింపడానికి చోటు ఎక్కడుంది?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆక్రమణలు తొలగించాలి అనగానే అందరి చూపు పేదవాని గుడిసె వైపు పోతుంది. కాలువ కట్ట మీద, వాగు ఒడ్డున నివసిస్తున్న వారిలో రిక్షా తొక్కే వారు, తోపుడు బండి మీద పండ్లు అమ్మే వారు, మన సమాజానికి చెందిన వితంతువులు ఎందరో ఉన్నారు. వారు సరదాకు అక్కడ చేరలేదు. అద్దె కట్టలేక చేరారు. వాగు పొంగినప్పుడు మొదట మునిగేదీ వారే. వారి ఇల్లు తీయదలచిన వారు ముందు మరో ఇల్లు చూపాలి. అలా చూపమని అడగడం మన బాధ్యత. చూపినప్పుడు వెళ్లమని వారికి నచ్చజెప్పడం కూడా మన బాధ్యతే. కానీ వాగు భూమి అని తెలిసీ మట్టి పోసి చదును చేసి, గీతలు గీసి ప్లాట్లుగా అమ్మినవాని సంగతి వేరు. జానెడు నేలను అన్యాయంగా కాజేసిన వాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల మేర అది గుదిబండ అవుతుందని సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉన్నది. జానెడు నేలకే అంతటి శిక్ష అయితే, ఒక వాగునే కాజేసి వేలాది ఇళ్లను ముంచినవాని గతి ఏమిటి?

మస్జిద్ పేరు చెప్పినా, మద్రసా పేరు చెప్పినా ఈ తీర్పు మారదు. ఆక్రమించిన భూమిలో నమాజు మక్రూహ్ అని మన హనఫీ ఫిఖ్హ్ చెబుతున్నది. ఇమామ్ అహ్మద్ (రహ్మ) అనుయాయుల్లో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారమైతే ఆ నమాజు చెల్లనే చెల్లదు. కనుక కాలువ గట్టు మీద పునాది తీసి, ఆ తర్వాత దాన్ని ధర్మం పేరిట కాపాడుకోవాలని ఎవరైనా మన వద్దకు చందాకు వస్తే, ఏ సమాధానం చెప్పాలో మీకిప్పుడు తెలుసు.

నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ హదీసు మీరందరూ విన్నదే. ఓడలో కొందరికి పై అంతస్తు, కొందరికి క్రింది అంతస్తు చీట్లు పడ్డాయి. క్రింది వారు నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్లి పై వారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. పై వారు వారిని అలా వదిలిపెడితే అందరూ మునుగుతారు, చెయ్యి పట్టుకొని ఆపితే అందరూ బతుకుతారు. దైవప్రవక్త (స) చెప్పిన ఆ ఉపమానంలో రంధ్రం చేసేవారి ఉద్దేశం చెడ్డది కాదన్న విషయం గమనించండి. వారు ఎవరికీ ఇబ్బంది కలగకూడదనే అనుకున్నారు. మన వీధిలో కాలువలోకి చెత్త సంచి విసిరే ఇల్లాలి ఉద్దేశం కూడా చెడ్డది కాదు, ఇల్లు శుభ్రంగా ఉండాలనే. ఆ సంచి వెళ్లి తూము దగ్గర అడ్డుపడుతుంది.

ఈ ఏడాది జూన్ 7న బక్రీదు నాడు మన మహల్లాలో ఒక మార్పు చూశాను. ఖుర్బానీ వ్యర్థాలను యువకులు సంచుల్లో కట్టి, నగరపాలక సంస్థ వాహనం వచ్చే వేళ చూసుకొని అప్పగించారు. కాలువ వైపు ఒక్క సంచి కూడా పోకుండా ఇద్దరు అబ్బాయిలు వంతెన దగ్గర మధ్యాహ్నం వరకు కాపలా ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే ఆ ఏర్పాటు చేసుకున్నారు. వారి పేర్లు చెబితే సిగ్గుపడతారు కనుక చెప్పను. అల్లాహ్ వారికి ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక!

సోదరులారా! నగరం దాటి డెల్టాలోకి వెళదాం. 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కృష్ణ నీటితో బతుకుతున్న భూమి ఇది. ఇరు వైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. బ్యారేజీ దగ్గర నీరు వదిలిన రోజుకు, అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక, కృత్తివెన్ను వైపు శివారు పొలాలకు ఆ నీరు చేరే రోజుకు మధ్య ఎంత దూరమో అక్కడి రైతును అడగండి. సార్వా నారుమడులు ఎండుతుంటే లాకుల దగ్గర రాత్రంతా కావలి కాసే రైతులున్నారు. ఎగువ రైతు తన చేను నిండినా తూము దించడు. కాలువలో గుర్రపు డెక్క, తూటికాడ పెరిగి నీరు నడవదు. దిగువవాడు సముద్రం వైపు నుండి వచ్చే ఉప్పునీటితో యుద్ధం చేస్తుంటాడు. అల్ వాఖిఆ సూరాలో అల్లాహ్ మనల్ని ప్రశ్నిస్తాడు: మీరు త్రాగే నీటిని మేఘం నుండి దించినది మీరా, మేమా అని. తాను తలచుకుంటే దాన్ని ఉప్పునీటిగా మార్చివేయగలనని కూడా అక్కడే హెచ్చరిస్తాడు. ఈ వాక్యాన్ని నగరంలో ఏసీ గదిలో చదివితే ఒక అర్థం, చేతి పంపు కొడితే ఉప్పునీరు వచ్చే గ్రామంలో చదివితే ఇంకొక అర్థం స్ఫురిస్తుంది.

మదీనాలో నీటి తగాదా ఒకటి దైవప్రవక్త (స) సమక్షానికి వచ్చింది. హర్రా ప్రాంతపు కాలువ నుండి ఖర్జూర తోటలకు నీరు పెట్టుకొనే విషయంలో హజ్రత్ జుబైర్ (రజి)కి, ఒక అన్సారీకి వివాదం వచ్చింది. జుబైర్ (రజి) తోట ఎగువన ఉన్నది. నీవు తడుపుకొని నీ పొరుగువానికి వదిలిపెట్టమని దైవప్రవక్త (స) మొదట ఉదారమైన సర్దుబాటు సూచించారు. అన్సారీకి కోపం వచ్చింది, జుబైర్ మీ మేనత్త కొడుకు కనుక ఇలా చెప్పారా అన్నాడు. అప్పుడు దైవప్రవక్త (స) ఎగువవాని పూర్తి హక్కు ఎంతో చెప్పారు: నీరు గట్టు దాకా వచ్చేవరకు ఆపుకో, తర్వాత వదులు. అది చీలమండల ఎత్తు నీరని విద్వాంసులు లెక్క కట్టారు. మహ్‌జూర్ వాగు నీటి విషయంలోనూ చీలమండల వరకు ఆపి, పై వాడు క్రింది వానికి వదలాలన్న తీర్పే ఇచ్చినట్లు ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలో ఉంది.

ఈ తీర్పులో రెండు విషయాలున్నాయి. ఎగువన ఉండడం ఒక హక్కును ఇస్తుంది. కానీ ఆ హక్కుకు ఒక కొలత ఉంది. చీలమండలు దాటిన నీరు నీది కాదు, పొరుగువానిది. మన డెల్టాలో వంతులవారీ విధానం దీనికి దగ్గరగానే ఉన్నది. దాన్ని నిజాయితీగా పాటించే ఎగువ రైతు ఒక సున్నత్‌ను పాటిస్తున్నాడన్న మాట. బందరు, గుడివాడ వైపు నుండి వచ్చిన రైతు సోదరులు ఈ మాటను తమ ఊళ్లలో చెప్పండి. మిగులు నీటిని ఇతరులకు అందకుండా ఆపడాన్ని నిషేధించే హదీసు బుఖారీ, ముస్లింలలో ఉందని కూడా చెప్పండి.

రైతుల ప్రస్తావన వచ్చింది కనుక మరొక శుభవార్త. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుండి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి నిరుడు, 2024 జూలైలో, పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారం లభించింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని ముగ్గురికి పంచారు. ఒకరు మన రైతులు. రెండవవారు నేల సారంపై జీవితకాలం పరిశోధించిన శాస్త్రవేత్త రతన్ లాల్. మూడవది ఈజిప్టు దేశపు సెకెమ్ అనే సంస్థ. ఆ సంస్థను స్థాపించిన ఇబ్రాహీం అబూలైష్ అన్న పెద్దమనిషి ఆస్ట్రియాలో చదువుకొని, అక్కడ సుఖంగా ఉండగలిగినా, 1977లో స్వదేశానికి తిరిగివచ్చి కైరోకు ఈశాన్యాన ఎడారి ఇసుకలో రసాయనాలు లేని సేద్యం మొదలుపెట్టారు. నైలు నది నాగరికతకు చెందిన ఒక ముస్లిం, కృష్ణ, గోదావరుల తెలుగు రైతు ఒకే వేదికపై ఒకే పనికి గౌరవం పొందారు. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం మన పని కాదని అనుకొనే వారు మనలో కొందరున్నారు. నేల ఎవరి చేతితో బాగుపడినా అల్లాహ్ సృష్టే బాగుపడుతుంది. బాగుచేయబడిన భూమిలో మళ్లీ కల్లోలం రేపవద్దని అల్ ఆరాఫ్ సూరాలో ఆయన ఆదేశించాడు. మితిమీరిన పురుగుమందు కూడా కల్లోలమే.

ఇక మన మస్జిద్ సంగతి. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని అనస్ (రజి) తెలిపారు. అంటే ఇంచుమించు ఒక లీటరు. మొన్న మన వుజూఖానాలో ఒక కుళాయి క్రింద బకెట్ పెట్టి చూశాం. ఒక అబ్బాయి మామూలుగా వుజూ చేస్తే బకెట్ సగం దాటింది. అతని తప్పు కాదు, కుళాయి తిప్పి వదిలేసే అలవాటు అందరిదీ. పారే నది ఒడ్డున కూడా వుజూలో దుబారా కూడదన్న ఇబ్నె మాజా హదీసు సనదుపై ముహద్దిసులకు అభ్యంతరాలు ఉన్నాయి. అయినా దుబారా నిషేధానికి ఖుర్ఆన్ వాక్యాలే చాలు. కమిటీవారు నొక్కితే మాత్రమే నీరు వచ్చే కుళాయిలు సగం మార్చారు. మిగతా సగం మారేలోపు మన చెయ్యే ఆ పని చేయవచ్చు. వుజూ నీరు ప్రహరీ వెంట ఉన్న వేప, కానుగ మొక్కలకు మళ్లించాం. ఈ వేసవిలో ఒక్క మొక్క కూడా ఎండలేదు. నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా నాటినవానికి సదఖాయే కదా!

మార్చిలో గడిచిన రమజానులో ఇఫ్తారుకు థర్మోకోల్ పళ్లాలు మాని స్టీలు పళ్లాలు వాడాం. కడగడానికి మనుషులు దొరకరని కొందరు సందేహించారు. దొరికారు. మస్జిద్ పైకప్పు మీద సోలార్ పలకల విషయం కమిటీ ఆలోచిస్తున్నది. ఇళ్లకైతే పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఉంది. సొంత ఇల్లు ఉన్నవారు కనుక్కోండి.

వచ్చే శుక్రవారం రబీవుల్ అవ్వల్ 12. ఊరేగింపుల విషయంలో ఉలమాల మధ్య ఉన్న భేదాభిప్రాయం నేటి నా అంశం కాదు. ఎవరు ఏ విధంగా గడిపినా, ఆ మరునాడు ఉదయం మన వీధుల్లో నీటి ప్యాకెట్లు, ప్లాస్టిక్ జెండాలు కాళ్ల క్రింద నలుగుతూ కనిపించకూడదు. ఆ జెండాల మీద పవిత్ర నామాలు ఉంటాయని మరువకండి. షర్బత్ పంచేవారు స్టీలు గ్లాసులు తెచ్చుకోండి, మస్జిద్‌లో రెండు వందలు ఉన్నాయి, అడిగి తీసుకోండి.

ఎల్లుండి ఆదివారం ఫజర్ తర్వాత, వరద వచ్చిన వీధిలోని పక్క కాలువ పూడిక తీయడానికి యువకులు బయలుదేరుతున్నారు. పారలు, గమేళాలు మస్జిద్ వద్ద ఉంటాయి. చేతి తొడుగులు ఎవరివి వారు తెచ్చుకోవాలి. వీధిలోని హిందూ, క్రైస్తవ సోదరులకు కూడా కబురు పంపాం, వస్తామన్నారు. తీసిన మట్టిని గట్టు మీద కుప్ప పోసి వదలవద్దు. వానకు మళ్లీ లోపలికే పోతుంది. ట్రాక్టరు ఏడు గంటలకు వస్తుంది.

నిరుటి వరదలో ప్రాణాలు కోల్పోయిన వారి బంధువులకు అల్లాహ్ సహనాన్ని ప్రసాదించుగాక! ఇల్లు, సామాను, పుస్తకాలు పోగొట్టుకున్న వారికి అంతకంటే మేలైనవి ఇచ్చుగాక! ఆమీన్.

సున్నతులు చదువుకోండి. అరబీ ఖుత్బాకు వేళయింది.